డెబ్బై అయిదేళ్ల అప్రెంటిస్

స్వర్ణోత్సవ సంచికలో బడి జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామంది ఉంటారు. నేను మన బడికి, మన జిల్లాకి ఏ సంబంధమూ లేని ఒక ఇంగ్లండు మనిషి గురించి రాస్తున్నాను. ఆయన పేరు థామస్ బ్యూయిక్. చెక్క మీద బొమ్మలు చెక్కి అచ్చు వేసే పనివాడు. పుట్టింది 1753లో, పోయింది 1828లో. ఆయన కథ ఈ సంచికలో ఎందుకంటే, పుస్తకాల మార్జిన్లలో బొమ్మలు గీసి దెబ్బలు తిన్న విద్యార్థి ప్రతి బడిలోనూ ఒకడుంటాడు. ఆ విద్యార్థి తర్వాత ఏమయ్యాడన్నది మనకు చాలాసార్లు తెలియదు. బ్యూయిక్ విషయంలో మాత్రం బాగా తెలుసు.

ఇంగ్లండు ఉత్తరాన టైన్ నది పక్కన చెర్రీబర్న్ అనే చోట ఓ చిన్న ఇంట్లో పుట్టాడు. ఎనిమిది మంది పిల్లల్లో పెద్దవాడు. తండ్రికి కొంచెం కౌలు భూమి, ఓ చిన్న బొగ్గు గని ఉండేవి. మొదట వేసిన మిక్లీ బడిలో పంతులు బెత్తంతో తప్ప మాట్లాడేవాడు కాదు. పిల్లవాడు ఒకరోజు ఎదురు తిరిగి పారిపోయాడు. తర్వాత చాలా రోజులు ఇంట్లో బడికని చెప్పి బయల్దేరడం, వాగు దగ్గర ఆనకట్టలు కట్టుకుంటూ, పడవలు వదులుకుంటూ గడిపి సాయంత్రం బడి వదిలే వేళకు ఇంటికి చేరడం. (ఆనకట్టలు కట్టినవాడు ఇంజనీరు కాకుండా చెక్కుడు పనికి పోవడం మా వృత్తికి కొంత నష్టమే.) తర్వాత నది అవతల ఓవింగ్‌హామ్ బడిలో వేశారు. అక్కడి గురువు గ్రెగ్సన్ ఆ ఊరి చర్చి ఫాదరీ. బ్యూయిక్ తల్లి పెళ్లికి ముందు ఆయన ఇంట్లోనే ఇల్లు చూసుకునే పని చేసేది.

అక్కడ లాటిన్ చెప్పారు, లెక్కలు చెప్పారు. కుర్రాడికి అవి ఎక్కలేదు. పలక నిండా బొమ్మలు, పుస్తకాల అంచుల నిండా బొమ్మలు. పుస్తకాలు నిండిపోయాక సుద్దముక్క తీసుకుని చర్చి గుమ్మం ముందు రాళ్ల మీద, సమాధి పలకల మీద మొదలుపెట్టాడు. ఇంట్లో అయితే పొయ్యి ముందున్న రాతి నేల. బొమ్మ అంటే ఏమిటో చూపించేవాళ్లు ఆ ఊళ్లో ఎవరూ లేరు. చర్చిలో రాజుగారి చిహ్నం, సారాయి కొట్ల ముందు వేలాడే బోర్డులు తప్ప అతను చూసిన చిత్రకళ లేదు. గురువు తిట్టాడు, తండ్రి తిట్టాడు. చివరికి తెలిసినాయన ఎవరో జాలిపడి కాగితాలు తెచ్చిచ్చాడు. సిరా, పెన్ను, ఎరుపు రంగుకు ముళ్లపొదల పళ్ల రసం. వేటగాళ్లు, కుక్కలు, గుర్రాలు గీసిస్తే ఇరుగుపొరుగు వాళ్లు ఏదో కొంత ఇచ్చి గోడలకు అంటించుకునేవారు. గురువు బెత్తం ఝళిపించాడు గాని, ఆ చేతిని పూర్తిగా ఆపలేదు. ఆపగలిగేవాడు కూడా కాదేమో.

1767 అక్టోబరులో, పద్నాలుగేళ్ల వయసులో, న్యూకాసిల్ పట్నంలో రాల్ఫ్ బీల్బీ అనే చెక్కుడు పనివాడి దగ్గర ఏడేళ్ల అప్రెంటిస్‌గా చేరాడు. అప్రెంటిస్ అనగానే చిత్రకళ నేర్పే చోటనుకోకూడదు. మన ఊళ్లలో స్టీలు సామాను కొట్లో గిన్నె మీద పేరు కొట్టించుకుంటామే, బీల్బీ దుకాణం ఆ బాపతుదే, కాకపోతే ఇంకాస్త పెద్దది. గడియారాల ఇత్తడి ముఖాలు, తలుపుల మీద పేరు పలకలు, శవపేటికల మీద పలకలు, కత్తుల మీద నగిషీ, వెండి బంగారు ముద్రలు, పొగాకు గొట్టాల అచ్చులు, సీసాల అచ్చులు, పుస్తకాలు బైండు చేసేవాళ్ల అక్షరాలు: ఎవరు ఏది తెస్తే అది. మోటు పని ఎక్కువ. కుర్రాడి చేతులు కమ్మరివాడి చేతుల్లా కాయలు కాచి లావెక్కాయి. బీల్బీ ఏ పనికీ కాదనేవాడు కాదు. ఏ లోహం ఎంత లొంగుతుందో, ఉలి ఎంత కోణంలో పట్టాలో, ఎక్కడ జారుతుందో ఈ ఏడేళ్లలో బ్యూయిక్ చేతికి తెలిసింది. దీన్ని వృథాగా పోయిన కాలం అన్నవాళ్లున్నారు. నాకలా అనిపించదు.

బీల్బీకి ఇష్టం లేని పని ఒక్కటే, చెక్క. అందుకని చెక్క పని వస్తే కుర్రాడికి తోసేవాడు. ఆ రోజుల్లో అదే ఊళ్లో చార్లెస్ హట్టన్ అని ఒక లెక్కల మాస్టారు ఉండేవాడు, తర్వాత వూలిచ్ సైనిక విద్యాలయంలో ఆచార్యుడై పెద్ద పేరు తెచ్చుకున్నాయన. ఆయన కొలతల శాస్త్రం మీద ఒక పెద్ద పుస్తకం రాస్తూ అందులో రేఖాగణితం బొమ్మలు చెక్క మీద చెక్కించాలనుకున్నాడు. ఆ పని కుర్రాడికి పడింది. పుస్తకం 1770కి పూర్తయింది. త్రిభుజాలు, వృత్తాలు, శంకువులు, మధ్యలో ఆ ఊరి సెయింట్ నికొలస్ చర్చి శిఖరం. చెక్క మీద ప్రపంచమంతా మెచ్చిన పక్షులు చెక్కిన చేయి మొదట నేర్చింది గీత సమంగా ఉంచడం. డ్రాయింగు క్లాసులో మనం లైన్ వెయిట్ కోసం పడిన పాట్లు గుర్తున్నవాళ్లకు ఇది ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. పైగా అతను గీత గీయడం లేదు. గీతను మిగిల్చి చుట్టూ చెక్కేస్తున్నాడు, అదీ అద్దంలో చూసినట్టు తిరగేసి.

ఇక్కడ ఆ పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పెడనలో కలంకారీ బట్టల మీద అద్దే టేకు అచ్చులు చూసినవాళ్లకు సగం తెలిసినట్టే. ఎత్తుగా మిగిలిన చోట రంగు అంటుతుంది, తవ్విన చోట అంటదు. అప్పటివరకు యూరప్‌లో చెక్క బొమ్మలు ఎక్కువగా పలక మీద, అంటే చెట్టును నిలువుగా కోసిన ముఖం మీద, కత్తితో చెక్కేవారు. నార అడ్డం వస్తుంది కాబట్టి సన్నని గీత నిలవదు, పెచ్చు లేస్తుంది. బ్యూయిక్ పట్టింది బాక్స్‌వుడ్ అనే గట్టి కర్రను అడ్డంగా కోస్తే వచ్చే ముఖం. అక్కడ నార కొసలు మాత్రమే పైకి ఉంటాయి, కాబట్టి ఉలి ఎటు నడిపినా ఒకేలా నడుస్తుంది. దాని మీద రాగిరేకుల పనికి వాడే బ్యూరిన్ అనే సన్నటి ఉక్కు ఉలి పట్టాడు. ఇసుక నింపిన తోలు దిండు మీద దిమ్మ పెట్టి, కుడి చేత్తో ఉలి నెడుతూ, ఎడమ చేత్తో దిమ్మను తిప్పుతూ ఉంటారు. ఈ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు, అంతకుముందే కొంత ఉంది. దాన్ని ఎంత దూరం తీసుకుపోవచ్చో చూపించింది ఆయన. నల్ల గీతలు మిగల్చడానికి తంటాలు పడే బదులు, ఉలి పోయినచోట వచ్చే తెల్ల గీతతోనే బొమ్మ వేయడం మొదలుపెట్టాడు. నల్లటి చీకట్లోంచి వెలుగు తవ్వినట్టు ఉంటుంది. పక్షి ఈకకు అంతకన్నా తగిన పద్ధతి లేదు.

ఇంజనీరుగా నన్ను కట్టిపడేసింది మాత్రం ఇంకో సంగతి. ప్రెస్సులో ఒత్తిడి దిమ్మంతా ఒకేలా పడుతుంది. దగ్గరి చెట్టూ, దూరపు కొండా ఒకే నలుపులో వస్తాయి. దూరం తెలియాలంటే కొండ లేతగా రావాలి. అచ్చువేసేవాడి నైపుణ్యం మీద ఆధారపడితే ఒక కాపీ బాగా వస్తుంది, పదోది పాడవుతుంది. బ్యూయిక్ ఆ సమస్యను దిమ్మలోనే తీర్చేశాడు. లేతగా రావలసిన భాగాన్ని గీతలు చెక్కడానికి ముందే వెంట్రుకవాసి పల్లంగా చెక్కి దించేవాడు. అక్కడ ఒత్తిడి తక్కువ తగులుతుంది, సిరా తక్కువ అంటుతుంది, కొండ దూరంగా జరుగుతుంది. అంచుల దగ్గర కూడా అంతే. కొలిచే పరికరం లేదు. వేలి కొస, అచ్చు తీసిన ప్రూఫు, మళ్లీ వేలి కొస.

దీనివల్ల జరిగిన మేలు ఏమిటంటే, చెక్క దిమ్మ అక్షరాలతో సమానమైన ఎత్తులో ఉంటుంది కనుక పాఠం, బొమ్మ ఒకే ప్రెస్సులో ఒకేసారి పడతాయి. రాగిరేకు బొమ్మలకు వేరే రోలింగ్ ప్రెస్సు, వేరే కాగితం, వేరే ఖర్చు. మామూలు మనిషి కొనగల పుస్తకంలోకి మంచి బొమ్మ రావడానికి దారి ఇలా పడింది. దిమ్మ అరిగిపోతుందన్న భయమూ లేదు. న్యూకాసిల్‌లో ఒక వార్తాపత్రికకు ఆయన చెక్కిచ్చిన బొమ్మ తొమ్మిది లక్షల ప్రతులు దాటి వేసినా ఇంకా పనికొస్తోందని ఆయనే లెక్క కట్టుకున్నాడు. మన చిన్నప్పుడు బడి పత్రికను లెటర్ ప్రెస్సులో వేయించడం చూసినవాళ్లకు బ్లాకు అన్న మాట గుర్తుండే ఉంటుంది. అది జింకు బ్లాకే కావచ్చు గాని, బొమ్మనూ అక్షరాలనూ ఒకే చట్రంలో బిగించే ఆ సౌకర్యం ఇదే.

అప్రెంటిస్ పూర్తయింది 1774లో. నీతికథల పుస్తకం కోసం చెక్కిన వేటగాడు, ముసలి కుక్క బొమ్మకు లండన్ కళల సంఘం బహుమతి ఇచ్చింది. పతకం కావాలా ఏడు గినీలు కావాలా అంటే డబ్బు తీసుకుని తీసుకెళ్లి తల్లి చేతిలో పెట్టాడు. 1776లో స్కాట్లండ్ కొండల్లో వందల మైళ్లు కాలినడకన తిరిగాడు. ఆ ఏడాదే లండన్ వెళ్లాడు. పని బోలెడు దొరికింది. ఊరు మాత్రం నచ్చలేదు. ఏడాది తిరక్కుండానే వెనక్కి వచ్చి పాత యజమాని బీల్బీతోనే భాగస్వామి అయ్యాడు. తమ్ముడు జాన్‌ను అప్రెంటిస్‌గా పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు వారం వారం పన్నెండు మైళ్ల దూరం నడిచి చెర్రీబర్న్‌లో అమ్మానాన్నలను చూసి వచ్చేవాడు. వానైనా, మంచైనా. టైన్ నది పొంగి దాటడానికి వీల్లేకపోతే ఇవతలి గట్టున నిలబడి, అందరూ బాగున్నారా అని కేక వేసి, అవతలి నుంచి బదులు వినిపించాక మళ్లీ నడిచి వెళ్లిపోయేవాడు. ఈ నడకల్లో చూసినవే తర్వాత ముప్పై ఏళ్లపాటు ఆయన బొమ్మల్లోకి వచ్చాయి: మంచులో ఆగిన గొర్రెలు, వంతెన సుంకం మిగుల్చుకోవడానికి ఆవు తోక పట్టుకుని నది దాటుతూ టోపీ పోగొట్టుకునే మనిషి, సమాధి రాళ్ల మీద గుర్రమెక్కినట్టు కూర్చున్న పిల్లలు. పుస్తకంలో అధ్యాయం చివర ఖాళీ మిగిలిన చోట ఇవి పెట్టేవాడు. అగ్గిపెట్టెంత బొమ్మ, అందులో ఒక కథ. ఒకదానిలో పల్లెటూరి మరుగుదొడ్డి కాస్త దాపరికం లేకుండా చెక్కాడట. పెద్దమనుషులు నొచ్చుకుంటారని మొదటి ముద్రణలో ఆ చోట సిరా పూసి కప్పారు, తర్వాత దిమ్మలో చిన్న చెక్కముక్క బిగించి అడ్డకర్రలు చెక్కారు.

1785లో తల్లి, తండ్రి ఇద్దరూ పోయారు. తండ్రి పోయిన నవంబరు 15నే ఆయన నాలుగు కాళ్ల జంతువుల పుస్తకం కోసం మొదటి దిమ్మ చెక్కాడు. అది ఒంటె బొమ్మ. ఆ రోజు ఆయన మనసు ఎలా ఉందో ఊహించను. చిన్నప్పుడు చదివిన మూడు వందల జంతువుల పుస్తకంలో బొమ్మలు ఘోరంగా ఉండేవనీ, పిల్లలకు అంతకన్నా మంచివి ఇవ్వాలనీ ఎప్పటినుంచో ఉన్న కోరిక అది. పగలు దుకాణం పని, రాత్రి ఈ పని. అయిదేళ్లు పట్టింది. 1790లో పుస్తకం వచ్చింది, వెంటవెంటనే మళ్లీ అచ్చు వేయవలసి వచ్చింది.

ఆ పుస్తకం తిరగేస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. కుక్క, గుర్రం, ఎద్దు, నక్క, అంటే తను రోజూ చూసినవన్నీ కదులుతున్నట్టే ఉంటాయి. ఎప్పుడూ చూడని ఖడ్గమృగం లాంటివి ఇంకెవరి బొమ్మో చూసి చేసినట్టే ఉంటాయి, అంతకుమించి ప్రాణం లేదు. చేతిపనిలో తేడా లేదు. చూపులోనే తేడా. ఈ తేడాను కనిపెట్టింది విమర్శకుల కంటే ముందు బ్యూయికే.

మధ్యలో చిల్లింగ్‌హామ్ ఎద్దు కథ ఒకటి. ఆ ఎస్టేటులో అడవి పశువుల మంద ఉంటుంది. దాని ఎద్దు బొమ్మ కావాలని మార్మడ్యూక్ టన్‌స్టాల్ అనే జమీందారు 1789లో అడిగాడు. బ్యూయిక్ అక్కడికి వెళ్లాడు. మంద దగ్గరకు రానివ్వలేదు. చివరికి పోట్లాటలో ఓడి మంద నుంచి వెళ్లగొట్టబడి ఒంటరిగా తిరుగుతున్న ఎద్దును చూసి గీసుకున్నాడు. ఆయన చెక్కినవాటిలో పెద్దది, ఎంతో శ్రమపడ్డది. కొద్ది ప్రతులు తీశారో లేదో దిమ్మ పగిలిపోయింది. బాక్స్‌వుడ్ చెట్టు లావెక్కదు, పెద్ద దిమ్మకు ముక్కలు అతకాలి, ఎండకూ తడికీ కర్ర కదులుతుంది. తర్వాత బిగింపులు వేసి మళ్లీ అచ్చు తీశారు గాని, పగులు పగులే. మొదటి కొన్ని ప్రతులకు ఆ రోజుల్లోనే విపరీతమైన గిరాకీ.

ఇక పక్షులు. ఆయనకు నిజమైన పరీక్ష ఇదే. 1791లో వైక్లిఫ్‌లో టన్‌స్టాల్ సేకరించిన పక్షుల దగ్గరకు వెళ్లి దాదాపు రెండు నెలలు కూర్చుని గీశాడు. అవి గడ్డి కూరి నిలబెట్టిన పక్షులు. రంగులున్నాయి, కొలతలున్నాయి, ముక్కు నుంచి గోటి దాకా అన్నీ ఉన్నాయి. న్యూకాసిల్ తిరిగొచ్చి అప్పుడే కొట్టిన పక్షులు, ప్రాణంతో ఉన్న పక్షులు పక్కన పెట్టి చూసేసరికి తేడా తెలిసింది. కూరినవాడికి పక్షి మెడ ఎలా వంగుతుందో తెలియదు. ఈకలు ఏ వరుసలో ముడుచుకుంటాయో తెలియదు. వాడి తప్పును ఈయన అందంగా, ఓపికగా గీసుకొచ్చాడు. అప్పటికి వయసు ముప్పై ఎనిమిది, దేశమంతా పేరు. రెండు నెలల బొమ్మల్లో చాలావాటిని పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. వేటగాళ్లు, నావికులు, స్నేహితులు చనిపోయిన పక్షులను, బతికున్నవాటిని పంపుతూ ఉండేవారు. పని ఏళ్ల తరబడి సాగింది. నేల పక్షుల సంపుటం 1797లో, నీటి పక్షుల సంపుటం 1804లో వచ్చాయి. ఆయన జీవితంలో నాకన్నిటికన్నా గొప్పగా అనిపించే ఘట్టం ఆ రెండు నెలల బొమ్మలను పక్కన పెట్టడం. డ్రాయింగు తప్పని తెలిశాక కూడా, ఇంత కష్టపడ్డాం కదా, ఇలాగే కానిచ్చేద్దామనే మాట మా వృత్తిలో ఎన్నిసార్లు వింటామో.

మొదటి సంపుటం దగ్గరే బీల్బీతో చెడింది. పాఠం రాసింది బీల్బీ, పుస్తకం మీద రచయితగా తన పేరొక్కటే వేసుకుంటానన్నాడు. స్నేహితులు మధ్యవర్తిత్వం చేసి రచయిత పేరు లేకుండానే, బొమ్మలు బ్యూయిక్‌వని మాత్రం వేసేట్టు తేల్చారు. ఇరవై ఏళ్ల పొత్తు విడిపోయింది. రెండో సంపుటానికి పాఠం ఎవరు రాస్తారు? లాటిన్ ఎక్కని ఆ విద్యార్థి నలభై అయిదేళ్ల వయసులో ప్రకృతి శాస్త్ర గ్రంథాలు ముందేసుకుని కూర్చున్నాడు. తనే రాశాడు. కోట్స్ అనే ఫాదరీ దిద్దిపెట్టాడు.

గొప్పతనమంతా ఒక్క చేతిదే అని చెప్తే అబద్ధమవుతుంది. దుకాణంలో అప్రెంటిస్‌లు ఎప్పుడూ ఉండేవారు. కథల బొమ్మల్లో కొన్నిటికి గీత రాబర్ట్ జాన్సన్‌ది, నీటి పక్షుల సంపుటంలో చెక్కడం చాలావరకు లూక్ క్లెన్నెల్‌ది. తమ్ముడు జాన్ 1795లో క్షయతో పోయాడు. జాన్సన్ మరుసటి ఏడు పోయాడు. క్లెన్నెల్ లండన్‌లో మంచి పేరు తెచ్చుకుని 1817లో మతి చలించింది. గురువు పేరు కింద వీళ్ల పేర్లు కనపడకుండా పోయాయి. నేర్పడంలో బ్యూయిక్ కఠినుడే, పేరు పంచడంలో అంత ఉదారుడని నేననుకోను. కానీ ఆ తర్వాతి తరంలో ఇంగ్లండు చెక్క బొమ్మల పనిని నిలబెట్టినవాళ్లలో నెస్బిట్, హార్వీ వంటివారు ఆయన బల్ల దగ్గర కూర్చుని లేచినవాళ్లే.

1812లో పెద్ద జబ్బు చేసింది. బతకడనుకున్నారు. కోలుకుంటూ మంచం మీదే ఈసోపు కథలకు బొమ్మలు ఊహించుకున్నాడు. చేయి మునుపటిలా లేదు కాబట్టి తను చెక్క మీద గీసిస్తే శిష్యులు, కొడుకు రాబర్ట్ చెక్కారు. 1818లో అచ్చయింది. ఆ పుస్తకాలతో ఇచ్చే రసీదు మీద తన వేలిముద్రను చెక్కి అచ్చు వేయించాడు, దొంగ ప్రతులు రాకుండా. చూసే కొద్దీ ముచ్చటేసే పని అది. వేలి గీతలను ఉలితో చెక్కడమంటే ఆయనకు ఈక చెక్కడంతో సమానం. 1822లో కూతురు జేన్ అడిగితే జీవితకథ రాయడం మొదలుపెట్టాడు. అది 1862లో గాని అచ్చు కాలేదు. ఈ వ్యాసంలో ఆయన బాల్యం గురించి చెప్పినవన్నీ ఆయన అందులో రాసుకున్నవే.

1827లో అమెరికా నుంచి పక్షుల చిత్రకారుడు ఆడబన్ ఆయన్ను వెతుక్కుంటూ వచ్చాడు. డెబ్బై మూడేళ్ల మనిషి నూలు టోపీ పెట్టుకుని బల్ల దగ్గర చిన్న దిమ్మ చెక్కుతూ కనిపించాడు. అమెరికాలోని ఒక చిన్న పిట్టకు ఆడబన్ ఆయన పేరు పెట్టాడు. ఆయన పోయాక ఒక హంస జాతికీ ఆ పేరే పెట్టారు.

అప్పుడు ఆయన చేతిలో ఉన్న పెద్ద పని ఒక ముసలి గుర్రం బొమ్మ. జీవితమంతా మనుషులకు చాకిరీ చేసి, ఎముకల గూడై, వానలో మోడు చెట్టు పక్కన తల వంచి చావు కోసం నిలబడ్డ గుర్రం. జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపే సంఘానికి అంకితమివ్వాలనుకున్నాడు. అరవై ఏళ్లు చిన్న చిన్న దిమ్మలతో గడిపినవాడు దీన్ని పెద్దదిగా, ఒక దిమ్మ మీద ఇంకో దిమ్మ వేసి, రెండు మూడు విడతల్లో అచ్చు తీస్తే నలుపులో ఎన్ని ఛాయలు వస్తాయో చూడాలనుకున్నాడు. అంతవరకు ఆయన చేయని పద్ధతి. 1828 నవంబరు మొదట్లో మొదటి దిమ్మ ప్రూఫు తీయించుకుని చూశాడు. ఇంకా చెక్కవలసింది చాలా ఉంది. నవంబరు 8న గేట్స్‌హెడ్‌లోని ఇంట్లో కన్నుమూశాడు. ఓవింగ్‌హామ్ చర్చి ఆవరణలో సమాధి చేశారు. గుర్రం దిమ్మను రాబర్ట్ 1832లో, తండ్రి వదిలినంతవరకే, అచ్చు వేయించాడు.